అక్షరం మారింది సరే, ప్రొటీన్ మారిందా? (థైలేరియా జన్యు పాఠాలు – 4)

మూడో పాఠం ముగిసేసరికి ఆవు చెవి నరం నుంచి రక్తం తీయడం, ఊదా మూత ట్యూబులో పట్టడం, డీఎన్‌ఏ వేరుచేయడం, పీసీఆర్‌తో కావాల్సిన ముక్కకు లెక్కలేనన్ని ప్రతులు తీయడం, అక్షరాల వరుస చదివించడానికి సీక్వెన్సింగ్‌కు పంపడం అన్నీ అయ్యాయి. మెయిల్‌లో రంగురంగుల గీతల ఫైళ్లు వచ్చి ఉన్నాయి. ఈ పాఠంలో పని ఒక్కటే, ఆ అక్షరాలను చదవడం. అదీ కంప్యూటర్‌లో కాదు, గళ్ల కాగితం మీద పెన్నుతో. మెగా లాంటి ప్రోగ్రాం తెరిచి నాలుగు బటన్లు నొక్కితే వంశవృక్షం వచ్చేస్తుంది కాబట్టి చాలామంది ఈ మెట్టు దాటేసి ముందుకెళ్తారు. తరువాత వైవాలో "ఈ కొమ్మ ఇక్కడెందుకు చీలింది?" అని అడిగితే తెల్లముఖం వేస్తారు.

పాత పాఠాలు చదవనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మనం చూస్తున్న జీవి థైలేరియా ఆన్యులేటా. ఒకే కణం ఉన్న పరాన్నజీవి, హయలోమా జాతి పిడుదుల ద్వారా పశువుకు ఎక్కుతుంది. పిడుదులనే మన దగ్గర చాలా ఊళ్లలో గోమార్లు అంటారు. పరకాల, జనగామ, హుజూరాబాద్ వైపు జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర ఆవులు పెట్టుకున్న ఇళ్లలో ఈ రోగం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. 105, 106 డిగ్రీల జ్వరం, భుజం ముందు కోడిగుడ్డంత బిళ్ళ, మేత ముట్టదు, పాలు ఒక్కసారిగా దిగిపోతాయి, తర్వాత కళ్లలోపలి పొర పాలిపోతుంది. నాటు పశువులు చాలావరకు తట్టుకుంటాయి. సంకర ఆవులు తట్టుకోలేవు.

పిడుదు లాలాజలంతో లోపలికి వచ్చిన పరాన్నజీవి మొదట తెల్ల రక్తకణంలో దూరుతుంది. అక్కడ షైజాంట్‌గా మారి, ఆ కణాన్నే అదుపు లేకుండా విభజన చెందేలా చేస్తుంది. బిళ్ళ నుంచి సూదితో తీసిన ద్రవాన్ని జీమ్సా రంగు వేసి చూస్తే కనబడే కోచ్ నీలి కణికలు ఇవే. ఆ తర్వాత ఈ పరాన్నజీవి తర్వాతి రూపాలైన మెరోజాయిట్లు విడుదలై ఎర్ర రక్తకణాల్లోకి వెళ్తాయి. ఈ మెరోజాయిట్ ఒంటిమీద ఎక్కువగా కనబడే ప్రొటీన్ టామ్స్-1. జన్యువు ఒక్కటే కాపీ. ప్రొటీన్ బరువు నమూనాను బట్టి 30 లేదా 32 కిలోడాల్టన్లుగా కనబడుతుంది. ఒకే జన్యువు నుంచి వచ్చే ప్రొటీన్ ఒకచోట ఒక బరువు, ఇంకోచోట ఇంకో బరువు చూపిస్తోందంటే లోపల అక్షరాలు మారుతున్నాయన్నమాట. మన నాలుగో పాఠం దాని గురించే.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చేయాలి. పశువుల్లో సర్రా రోగం తెచ్చే ట్రిపనోసోమా అనే పరాన్నజీవి కూడా పై ప్రొటీన్ మారుస్తుంది కదా, ఇదీ అంతేనా అని అడుగుతుంటారు. అంతే కాదు. ట్రిపనోసోమా దగ్గర పై ప్రొటీన్ జన్యువుల పెద్ద నిల్వ ఉంటుంది. ఒకే పశువు ఒంట్లో ఉంటూనే ఒకటి ఆపి ఇంకొకటి మొదలుపెడుతుంది. పశువు తయారుచేసిన యాంటీబాడీలు పాతదాన్ని వెతుకుతుంటే పరాన్నజీవి కొత్తదానితో తిరుగుతుంటుంది. టామ్స్-1 అలా కాదు. ఒక థైలేరియాకు ఒక రకం, ఇంకో థైలేరియాకు ఇంకో రకం. మార్పు ఒక జీవి జీవితంలో కాదు, జనాభాలో ఉంది. పిడుదు పేగులో మగ, ఆడ రూపాలు కలిసినప్పుడు వేరువేరు రకాల జన్యువులు కలగలుస్తాయి కూడా. కాబట్టి మీరు పోల్చాల్సింది ఈ ఆవులో నిన్నటి నమూనాను, ఇవాళ్టి నమూనాను కాదు. ఈ ఊరి ఆవు, ఆ ఊరి ఆవు, ఇంకో జిల్లా ఆవు, ఇలా.

మొదటి పని: వరుసలు పేర్చడం

కింద ఇచ్చినవి అభ్యాసం కోసం నేను కూర్చిన వరుసలు. నిజమైన ఆవులవి కావు, నిజమైన జన్యువు నుంచి తీసినవి కూడా కావు. అసలు టామ్స్-1 ముక్క వందల అక్షరాలుంటుంది, ఇక్కడ 18 మాత్రమే తీసుకున్నాను. అక్షరాలు నాలుగే: ఎ, సి, జి, టి. మూడేసి చొప్పున విడగొట్టి రాశాను. ప్రతి మూడక్షరాల కోడాన్ ప్రొటీన్‌లోని ఒక అమైనో ఆమ్లానికి సంకేతం.

మూలం: ఎఎఎ జిఎఎ ఎఎసి జిజిటి టిసిటి టిటిసి
అ: ఎఎఎ జిఎఎ ఎఎటి జిజిటి టిసిటి టిటిసి
ఆ: ఎఎఎ జిఎఎ ఎఎసి జిజిటి సిసిటి టిటిటి
ఇ: ఎఎఎ జిఎఎ జిఎసి జిజిటి టిసిటి టిటిసి
ఈ: ఎఎఎ జిఎఎ ఎఎసి జిజిటి ఎసిటి టిటిసి

గళ్ల కాగితం మీద ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాయండి. నిలువుగా పైనుంచి కిందికి చూస్తూ, అన్నీ ఒకేలా ఉన్న నిలువు వరుసలు వదిలేసి, తేడా ఉన్నవాటికి గుండ్రం చుట్టండి. 7, 9, 13, 18 స్థానాల్లో నాలుగు గుండ్రాలు రావాలి. 13లో టి, సి, ఎ మూడు రకాలున్నాయి.

నిజమైన ఫైలుతో చేసేటప్పుడు ఈ పేర్చడానికి ముందు రెండు చూసుకోవాలి. రివర్స్ ప్రైమర్‌తో, అంటే ముక్క అవతలి చివర నుంచి చదివితే వచ్చిన వరుసను తిరగేసి, జతకట్టే అక్షరాలతో మార్చుకోవాలి. తర్వాత కోడాన్ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా పట్టుకోవాలి. ఒక అక్షరం అటూఇటూ అయితే మొత్తం అనువాదం చెడిపోతుంది. దీనికి థైలేరియా మనకు ఒక సాయం చేస్తుంది. 2005లో వచ్చిన దీని పూర్తి జన్యుపటం ప్రకారం 4 క్రోమోజోముల్లో సుమారు 83.5 లక్షల అక్షరాలున్నాయి, వాటిలో మూడింట రెండొంతులు ఎ, టి లే. ఆగు సంకేతాలైన టిఎఎ, టిఎజి, టిజిఎ మూడింటిలోనూ ఎ, టి లదే పైచేయి. అందుకని తప్పు చోట నుంచి చదవడం మొదలుపెడితే కొద్ది దూరంలోనే ఆగు సంకేతం తగులుతుంది. మధ్యలో ఆగు సంకేతాలు కనబడితే జన్యువు పాడైందని కంగారు పడకండి, ముందు ఒక అక్షరం జరిపి చదవండి.

రెండో పని: ప్రొటీన్‌లోకి మార్చడం

ఏ కోడాన్ ఏ అమైనో ఆమ్లమో చెప్పే మామూలు కోడాన్ పట్టిక చాలు. మూలం వరుస ఇలా వస్తుంది: లైసిన్, గ్లూటామిక్ ఆమ్లం, ఆస్పరాజిన్, గ్లైసిన్, సెరిన్, ఫినైల్ అలనిన్.

అ వరుసలో ఎఎసి కాస్తా ఎఎటి అయింది. రెండూ ఆస్పరాజినే. అక్షరం మారింది, ప్రొటీన్‌కు ఆ సంగతే తెలియదు. ‘ఆ’ వరుసలో రెండు మార్పులు: టిసిటి సిసిటి అయి సెరిన్ పోయి ప్రోలిన్ వచ్చింది. టిటిసి టిటిటి అయినా ఫినైల్ అలనిన్ అలాగే ఉంది. ఇ వరుసలో ఎఎసి జిఎసి అయి ఆస్పరాజిన్ పోయి ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చింది. ‘ఈ’ వరుసలో టిసిటి ఎసిటి అయి సెరిన్ స్థానంలో థ్రియోనిన్ వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. టామ్స్-1 గురించి ఇప్పటిదాకా జరిగిన పనిలో తేడాలు జన్యువంతా ఒకేలా పరుచుకుని లేవు, కొన్నిచోట్ల గుంపుగా ఉన్నాయి. అలాంటి చోట్లలో ముఖ్యమైనవి చక్కెర అణువు అతుక్కునే వీలున్న స్థానాలు. ఆ స్థానం గుర్తు ఇది: ఆస్పరాజిన్, తర్వాత ఏదో ఒక అమైనో ఆమ్లం, తర్వాత సెరిన్ గానీ థ్రియోనిన్ గానీ. మధ్యలోది ప్రోలిన్ మాత్రం కాకూడదు. మన మూలం వరుసలో 3, 4, 5 కోడాన్లు చూడండి. ఆస్పరాజిన్, గ్లైసిన్, సెరిన్. గుర్తు ఉంది.

అ లోనూ ఉంది, అక్కడ ప్రొటీన్ మారనే లేదు. ఆ లో సెరిన్ పోయింది కాబట్టి గుర్తు పోయింది. ఇ లో ఆస్పరాజినే పోయింది కాబట్టి గుర్తు పోయింది. ఈ లో అమైనో ఆమ్లం మారింది కానీ థ్రియోనిన్ కూడా చెల్లుతుంది కనుక గుర్తు నిలిచింది. నేను ఈ పాఠానికి ఈ నాలుగు వరుసలు కూర్చింది ఈ తేడా కోసమే. ‘ఆ’, ‘ఈ’ రెండింటిలో ప్రొటీన్‌ను మార్చింది ఒకే స్థానంలో, ఒకే అక్షరం. ఒకదాని వల్ల గుర్తు పోయింది, ఇంకోదాని వల్ల పోలేదు. "13వ స్థానంలో మార్పు" అని రిపోర్టులో రాసి ఊరుకుంటే ఈ సంగతి ఎక్కడా బయటికి రాదు.

లెక్క వేయండి. డీఎన్‌ఏ అక్షరాల ప్రకారం ఐదు రకాలు. వీటినే హాప్లోటైప్‌లు అంటాం. ప్రొటీన్ ప్రకారం చూస్తే మూలం, అ ఒకటే కాబట్టి నాలుగు రకాలు. చక్కెర గుర్తు ప్రకారం చూస్తే రెండే గుంపులు: మూలం, ‘అ’, ‘ఈ’ ఒకవైపు, ‘ఆ’, ‘ఇ’ ఇంకోవైపు. ఎన్ని రకాలున్నాయి అని ఎవరైనా అడిగితే, దేని ప్రకారం అని మీరు ఎదురు అడగాలి.

ఒక హెచ్చరిక. గుర్తు ఉందంటే చక్కెర అతుక్కుంది అని కాదు, అతుక్కునే వీలుంది అని మాత్రమే. అతుక్కుందో లేదో ప్రొటీన్ తీసి ల్యాబ్‌లో చూడాల్సిందే. అక్షరాలు చదివి చెప్పగలిగేది అంతవరకే. థీసిస్‌లలో ఈ గీత దాటి రాసే అలవాటు మరీ ఎక్కువైంది.

మూడో పని: మార్పులను తూకం వేయడం

మొత్తం ఐదు మార్పులు. వాటిలో ప్రొటీన్‌ను మార్చినవి మూడు (ప్రోలిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, థ్రియోనిన్), మార్చనివి రెండు. మూడు రెండు కంటే ఎక్కువ కదా, కాబట్టి పశువు రోగనిరోధక శక్తి వల్ల ప్రొటీన్ మారుతోంది అని రాసేయొచ్చా?

రాయకూడదు. ఎనుమాముల మార్కెట్‌కు ఒకాయన 30 క్వింటాళ్ల పత్తి తెచ్చాడు, ఇంకొకాయన 20 క్వింటాళ్లు తెచ్చాడు. మొదటాయనది పదెకరాలు, రెండో ఆయనది రెండెకరాలు అని తెలిస్తే ఎవరి చేను బాగా పండిందో మళ్లీ చెప్పాలా? మార్పులకూ ఎకరాలు ఉంటాయి. ప్రొటీన్‌ను మార్చని మార్పు రావడానికి ఎన్ని చోట్ల వీలుంది, మార్చే మార్పు రావడానికి ఎన్ని చోట్ల వీలుంది అని ముందు లెక్కించాలి.

మూలం వరుస తీసుకోండి. ఎఎఎ లో మొదటి అక్షరం మార్చినా, రెండోది మార్చినా లైసిన్ మిగలదు. మూడోది జి చేస్తే లైసినే, సి గానీ టి గానీ చేస్తే కాదు. అంటే మూడు అవకాశాల్లో ఒకటి, 1/3. జిఎఎ కూడా అంతే, 1/3. ఎఎసి, 1/3. జిజిటి లో మూడో అక్షరం ఏదైనా గ్లైసినే, కాబట్టి నిండుగా 1. టిసిటి లోనూ మూడోది ఏదైనా సెరినే, 1. టిటిసి, 1/3. కూడితే 3.33. మొత్తం 18 అక్షరాల్లో ఇది తీసేస్తే 14.67.

ఇప్పుడు భాగించండి. మార్చనివి: 2 ÷ 3.33 = 0.60. మార్చేవి: 3 ÷ 14.67 = సుమారు 0.20. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే సుమారు 0.34. ఒకటి కంటే చాలా తక్కువ. అంటే ప్రొటీన్‌ను మార్చే మార్పులు వీలున్నంతగా రాలేదు, వచ్చినవాటిలో ఎక్కువ నిలవలేదు అన్న దిక్కుగా చూపిస్తోంది. చేతివేళ్ల మీద లెక్కేసినప్పుడు కనబడ్డదానికి ఇది పూర్తి వ్యతిరేకం.

ఈ అవకాశాల లెక్క పద్ధతి మసతోషి నెయ్, తకాషి గోజొబోరి 1986లో ఇచ్చినది. నేను దాన్ని కొంచెం తేలిక చేశాను. అసలు పద్ధతిలో వరుసలను రెండేసి చొప్పున పోలుస్తారు, ఒకే స్థానంలో రెండుసార్లు మార్పు జరిగి ఉండొచ్చన్న సవరణ కూడా చేస్తారు. మెగాలో మీరు నొక్కే బటన్ వెనక జరిగేది ఇదే. ఇకపై ఆ సంఖ్య తెర మీద వచ్చినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు.

ఇంకో మాట. 18 అక్షరాలతో వచ్చిన 0.34 తో ఏమీ తేలదు, అది లెక్క నేర్చుకోవడానికే. నిజమైన జన్యువులో కూడా మొత్తానికి ఒకే సంఖ్య తీస్తే మోసపోతాం. జన్యువులో ఎక్కువ భాగం కదలకుండా ఉండి, యాంటీబాడీలకు ఎదురుపడే చిన్న ముక్క మాత్రం గట్టిగా మారుతుంటే, మొత్తం సగటు ఒకటి కంటే తక్కువే వస్తుంది, ఆ ముక్క సంగతి అందులో కలిసిపోతుంది. అందుకే ముక్కలు ముక్కలుగా, కిటికీ జరుపుతూ పోయినట్టు లెక్క తీయాలి. అది ఆరో పాఠంలో.

రెండు శిఖరాలు కనబడితే

ఇది పుస్తకాల్లో పక్కన పెట్టేసే విషయం, ల్యాబ్‌లో మాత్రం మొదటి నమూనాకే ఎదురవుతుంది. రంగుగీతల ఫైలు తెరిచారు. ఏడో స్థానంలో ఆకుపచ్చ శిఖరం ఎత్తుగా ఉంది, అంటే ఎ. దాని కిందనే నల్ల శిఖరం దాదాపు సగం ఎత్తులో ఉంది, అంటే జి. కంప్యూటర్ ఎత్తుగా ఉన్నదాన్ని చూసి ఎ అని రాసేస్తుంది. కొన్ని ప్రోగ్రాంలు రెండూ కాకుండా వేరే గుర్తు వేస్తాయి.

మన ఆవు డీఎన్‌ఏలో ఇలా కనబడితే అర్థం వేరు. ఆవుకు ప్రతి జన్యువు రెండు ప్రతులు, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. థైలేరియా అలా కాదు, ఆవు ఒంట్లో ఉన్నంతకాలం దానికి ఒక్క ప్రతే. జంట ప్రతులు ఉండేది పిడుదు పేగులో కొద్దిసేపు మాత్రమే. టామ్స్-1 ఒకే కాపీ జన్యువు అని ముందే చెప్పుకున్నాం. కాబట్టి ఒక స్థానంలో నిజంగా రెండు అక్షరాలుంటే, ఆ రక్తంలో కనీసం రెండు రకాల థైలేరియా ఉందని అర్థం. పిడుదులు నిండుగా ఉన్న కొట్టంలో ఇది వింతేమీ కాదు, ఒకే ఆవులో పలు రకాలు కలిసి ఉండటం మామూలే.

అప్పుడేం చేయాలి? ఎత్తైన శిఖరం తీసుకుని ముందుకెళ్లడం తేలిక, కానీ తప్పు. ఏడో స్థానంలో ఒక రకం, పదమూడో స్థానంలో ఇంకో రకం ఎత్తుగా ఉంటే, మీరు రాసే వరుస ఏ జీవిలోనూ లేని వరుస అవుతుంది. సరైన దారి క్లోనింగ్. పీసీఆర్ ముక్కలను ప్లాస్మిడ్‌లనే గుండ్రటి చిన్న డీఎన్‌ఏలలో పెట్టి, బ్యాక్టీరియాలో పెంచి, కొన్ని కాలనీలను విడివిడిగా సీక్వెన్స్ చేయించాలి. ఖర్చు అవుతుంది. వీలు కాకపోతే రెండు శిఖరాలున్న నమూనాను హాప్లోటైప్ లెక్క నుంచి తీసేసి, "మిశ్రమ సంక్రమణ" అని విడిగా రాయండి. అది కూడా ఒక ఫలితమే.

క్లోనింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. పీసీఆర్‌లో ప్రతులు తీసే మామూలు ట్యాక్ ఎంజైముకు తను వేసిన తప్పు అక్షరాన్ని వెనక్కెళ్లి దిద్దుకునే గుణం లేదు. ఒక్క కాలనీలో, ఒక్కసారి మాత్రమే కనబడ్డ మార్పును కొత్త రకం అని ప్రకటించే ముందు, దిద్దుకునే ఎంజైముతో పీసీఆర్ మళ్లీ చేయండి. అప్పుడూ కనబడితే రాయండి.

"పురుగు మారిందా ఏంది సారూ?"

టీకా వేయించిన ఆవుకు మళ్లీ జ్వరం వస్తే రైతు అడిగే ప్రశ్న ఇది. టామ్స్-1 అక్షరాలు మారాయని మీ దగ్గర పేపరు ఉంది కదా అని "అవును మారింది" అనేస్తే రైతుకు టెన్షన్, మీకు అబద్ధం. మన దేశంలో వాడే థైలేరియా టీకాలో ఉండేది బలహీనం చేసిన షైజాంట్ దశ, తెల్ల కణాల్లో పెంచినది. అది నేర్పేది షైజాంట్ ఉన్న కణాలను గుర్తుపట్టి చంపడం. టామ్స్-1 దాని తర్వాతి మెరోజాయిట్ దశ ప్రొటీన్. ఒక దశ ప్రొటీన్‌లో మార్పు చూసి ఇంకో దశ టీకా పనిచేయదని చెప్పలేం. పైగా అది బతికున్న కణాల టీకా, దారిలో చల్లదనం తప్పినా పనిచేయదు. ముందు ఆ సంగతి అడగండి.

మందు సంగతి కూడా అంతే. ఈ రోగానికి ఇచ్చే బుపార్వాక్వోన్‌కు లొంగని థైలేరియా ఇరాన్, ట్యునీషియాల్లో కనబడింది. అక్కడ మార్పులు దొరికింది మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువులో. మందు గురించి తెలియాలంటే ఆ జన్యువు చదవాలి, టామ్స్-1 ఎంత చదివినా తెలియదు.

మరి టామ్స్-1 దేనికి? జనాభాలో ఎంత వైవిధ్యం ఉంది, ఏ ముక్క ఎక్కువ మారుతోంది, ఈ ప్రొటీన్‌తోనే టీకా చేయాలనుకుంటే ఎన్ని రకాలను దృష్టిలో పెట్టుకోవాలి, ఇలాంటి ప్రశ్నలకు. ఊరి పేరు చెబుతుందనుకుని మాత్రం వెళ్లకండి. వేరువేరు దేశాల నమూనాలను పోల్చినప్పుడు దూరదేశాల్లో ఒకే రకం, ఒకే ప్రాంతంలో వేరువేరు రకాలు దొరికాయి. వరంగల్ ఆవులన్నీ వంశవృక్షంలో ఒకే కొమ్మ మీద కూర్చుంటాయని ఆశపడితే నిరాశే. దగ్గరి చుట్టమైన థైలేరియా ఓరియెంటాలిస్‌లో పరిస్థితి వేరు, అక్కడ ఇలాంటి పై ప్రొటీన్ జన్యువుతోనే 11 రకాలుగా విభజించి పేర్లు పెట్టుకున్నారు. దాని ముచ్చట మరోసారి.

ఇంటిపని

ఈ రెండు వరుసలను మూలంతో పోల్చండి.

ఉ: ఎఎఎ జిఎఎ ఎఎసి సిసిటి టిసిటి టిటిసి
ఊ: ఎఎఎ జిఎఎ ఎఎ జిజిటి టిసిటి టిటిసి

ఉ లో ఆస్పరాజిన్ ఉంది, సెరిన్ ఉంది. చక్కెర గుర్తు ఉన్నట్టా, లేనట్టా? జిజిటి నుంచి సిసిటి కి రావాలంటే రెండు అక్షరాలు మారాలి. ఏది ముందు మారితే మధ్యలో ఏ అమైనో ఆమ్లం వస్తుందో రెండు దారులూ గీసి రాయండి.

ఊ లో ఒక అక్షరం తక్కువ. నేను ఖాళీ ఉంచి రాశాను కాబట్టి తేలిగ్గా కనబడుతోంది, ఫైల్లో అలా ఉండదు. ఖాళీ తీసేసి, మొదటి నుంచి మూడేసి చొప్పున మళ్లీ విడగొట్టి, ప్రొటీన్ రాయండి. తర్వాత రంగుగీతల ఫైలు తెరిచి ఆ చోట శిఖరాలు ఎలా ఉన్నాయో చూడకుండా ఈ వరుసను నమ్ముతారా లేదా, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. ఐదో పాఠం మీ ఆ రెండు వాక్యాలతోనే మొదలవుతుంది.